విచ్చుకోవాలి, లోతుకూ దిగాలి

పక్కకు తిరిగి నిలబడిన మధ్యరకం జింక ఛాతీ ఒక వైపు నుంచి మరో వైపుకు సుమారు ఒక అడుగు వెడల్పు ఉంటుంది. సెకనుకు ఏడెనిమిది వందల మీటర్ల వేగంతో వచ్చే రైఫిల్ గుండుకు ఆ అడుగు దాటడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలోనే గుండు చర్మాన్ని, పక్కటెముకను చీల్చుకుని లోపలికి వెళ్లి, తన ఆకారం మార్చుకుని, ఊపిరితిత్తులను, గుండెను పనికిరాకుండా చేసి, వీలైతే అవతలి వైపు నుంచి బయటపడాలి. వేట గురించి రాసేవారు రైఫిల్ తయారీదారు పేరు మీద, దాని మీద బిగించే టెలిస్కోపు మీద, తూటా శక్తి మీద పేజీలకు పేజీలు ఖర్చు చేస్తారు గానీ, చివరికి జంతువును తాకేది పది గ్రాముల లోహపు ముక్క ఒక్కటే కాబట్టి, అది ఎలా తయారైందో, ఏ జంతువు కోసం తయారైందో తెలుసుకోకుండా చేసే మిగతా ఎంపికలన్నీ సగంలో ఆగిపోయినట్లే.

వ్యవహారంలో తూటా, గుండు, బుల్లెట్ అనే మాటలు ఒకదాని బదులు ఒకటి వాడుతుంటారు. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపలి మందు, మూతి దగ్గర బిగించిన గుండు, ఇవన్నీ కలిసిన వస్తువు. గుండు అంటే గొట్టం నుంచి బయటికి వెళ్లి లక్ష్యాన్ని తాకే భాగం మాత్రమే. గుండు బరువును ఇప్పటికీ గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అనేది బార్లీ గింజ మీద ఏర్పడిన పాత ఇంగ్లీషు తూకం, మన కంసాలుల గురివింద గింజ తూగేదానిలో సుమారు సగం. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు కాబట్టి 150 గ్రెయిన్ల గుండు 9.7 గ్రాములు, 180 గ్రెయిన్ల గుండు 11.7 గ్రాములు తూగుతుంది. గుండు వ్యాసాన్ని కాలిబర్ అంటారు, దాన్ని అంగుళంలో భాగాలుగానో మిల్లీమీటర్లలోనో చెబుతారు. అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ వేటగాళ్లకు బాగా పరిచయమైన థర్టీ-ఆట్-సిక్స్ తూటాలోని గుండు వ్యాసం 0.308 అంగుళం, అంటే 7.8 మిల్లీమీటర్లు.

ఎంపికలోని చిక్కంతా ఒక వైరుధ్యం నుంచి పుడుతుంది. ఛాతీలో గుండు తగిలిన జంతువు సాధారణంగా రక్తం కోల్పోయి, ఊపిరితిత్తులు కుప్పకూలి, మెదడుకు ప్రాణవాయువు అందక చనిపోతుంది. గుండె పూర్తిగా ఛిద్రమైనా మెదడులో మిగిలిన ప్రాణవాయువు పది పదిహేను సెకన్లు సరిపోతుంది కాబట్టి, సరిగ్గా తగిలిన జింక కూడా యాభై నుంచి వంద మీటర్లు పరుగెత్తి పడిపోవడం మామూలే. ఈ వ్యవధిని తగ్గించాలంటే గాయం వెడల్పుగా ఉండాలి, వెడల్పైన గాయం కావాలంటే గుండు లోపలికి వెళ్లగానే ముందు భాగం విచ్చుకుని వ్యాసం పెరగాలి. కానీ గుండు ఎంత వెడల్పుగా విచ్చుకుంటే దానికి అంత ఎక్కువ అడ్డు ఎదురై అంత తొందరగా ఆగిపోతుంది. విచ్చుకోకుండా మొనదేలినట్లే ఉండిపోతే ఎంత మందమైన కండరాన్నయినా దాటిపోతుంది గానీ, వెనుక సన్నటి రంధ్రం మాత్రమే మిగిలి, జంతువు గంటల తరబడి బాధపడి ఏ పొదలోనో చనిపోతుంది. గడచిన నూట ముప్పయ్యేళ్ల వేట గుండ్ల చరిత్ర అంతా విచ్చుకోవడానికీ లోతుకు దిగడానికీ మధ్య కుదిర్చిన రాజీల చరిత్రే.

నల్లమందు కాలంలో ఈ సమస్య దాదాపు లేదు. అప్పటి గుండు పూర్తిగా సీసంతో చేసినది, లావుగా, బరువుగా, నెమ్మదిగా వెళ్లేది. మెత్తని లోహం కాబట్టి ఎముక తగలగానే దానంతటదే అణిగి వెడల్పయ్యేది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగరాని మందును కనిపెట్టి, రెండేళ్లకు ఫ్రెంచి సైన్యం దానితో లెబెల్ రైఫిల్‌ను తెచ్చాక గుండు వేగం బాగా పెరిగింది. అంత వేగాన్ని ఉత్త సీసం తట్టుకోలేదు, గొట్టం లోపల మెలితిరిగిన గాడులకు అరిగి అంటుకుపోతుంది. అందువల్ల స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ 1880లలో రూపొందించిన పద్ధతిలో, సీసం చుట్టూ రాగి తొడుగు వేయడం అనివార్యమైంది. గుండు వ్యాసం తగ్గింది, వేగం పెరిగింది, దూరం పెరిగింది. అయితే తొడుగు మొనదాకా కప్పేసిన గుండు శరీరంలో విచ్చుకోవడం మానేసింది.

ఈ సంగతిని లోకం దృష్టికి తెచ్చిన చోటు కలకత్తా పక్కనున్న డమ్‌డమ్. 1895 నాటి చిత్రాల్ యుద్ధంలో కొత్త గుండ్లు మనిషిలోంచి దూసుకుపోతున్నాయే తప్ప ఆపడం లేదని బ్రిటిష్ సైనికులు ఫిర్యాదు చేయగా, డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటికి ఉంచిన గుండును తయారుచేయించాడు. అది చేసే గాయాల తీవ్రత మీద ఐరోపాలో గొడవ చెలరేగి, 1899లో హేగ్ సమావేశం శరీరంలో విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది. వేట చట్టాలు సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో నడుస్తాయి. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం ప్రకారం, జింకను వేటాడే రైఫిల్‌లో మెత్తని ముక్కు లేదా బోలు ముక్కు ఉన్న గుండు తప్ప మరొకటి వాడటం నేరం. మనిషి మీద వాడితే నేరమైనది, జంతువు మీద వాడకపోతే నేరమైంది. ఇందులో కనిపించేంత విడ్డూరం లేదు: యుద్ధంలో శత్రువును పోరాడలేని స్థితికి తెస్తే చాలు, అతన్ని ఆసుపత్రికి చేర్చేవారుంటారు, గాయపడిన జంతువు విషయంలో అలాంటి ఏర్పాటేదీ లేదు కాబట్టి తొందరగా చనిపోవడమే దానికి దక్కగల దయ.

నేడు దొరికే వేట గుండ్లలో అత్యంత సరళమైనది, చవకైనది, సీసపు ముద్దను రాగి తొడుగులో అదిమి ముక్కు దగ్గర కాస్త సీసం బయటికి వదిలిన సాఫ్ట్‌నోజ్ గుండు. తొడుగు ముక్కు దగ్గర పలుచగా, మడమ వైపు మందంగా ఉండేలా మలచడంతో విచ్చుకునే తీరు చాలావరకు అదుపులో ఉంటుంది. రెమింగ్టన్ కంపెనీ 1939లో తెచ్చిన కోర్-లాక్ట్ ఈ కోవలోనిదే, అమెరికాలో జింకల వేటకు అది ఇప్పటికీ అమ్ముడుపోతోంది. శరీరంలోంచి బయటికి తీసిన ఇలాంటి గుండును చూస్తే ముందు భాగం పుట్టగొడుగు గొడుగులా వెనక్కి మడుచుకుని, అసలు వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండింతలు వెడల్పై ఉంటుంది, వేటగాళ్లు కూడా దాన్ని అదే పేరుతో పిలుస్తారు. తూకం వేస్తే మాత్రం బయల్దేరినప్పటి బరువులో సగమో, కాస్త ఎక్కువో మిగిలి ఉంటుంది. మిగతా సీసం, రాగి చిన్న చిన్న తునకలై గాయమంతా చెదిరిపోయి ఉంటాయి. పలుచని ఛాతీ గల జింకకు ఆ చెదిరిన తునకలు మేలే చేస్తాయి. బరువైన భుజం ఎముక అడ్డం వచ్చినప్పుడు మాత్రం తొడుగు ఒక దారి, సీసం ఒక దారి పట్టి, రెండూ లోపలికి చేరకముందే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

ఈ ప్రమాదానికి విరుగుడు వెతికినవారిలో అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు జాన్ నోస్లర్. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆయన కాల్చిన మూజ్ అనే భారీ దుప్పి ఒళ్లంతా బురద గట్టిపడి ఉండటంతో, వేగంగా వెళ్లే పలుచని తొడుగు గుండ్లు పైపైనే విచ్చుకుని లోతుకు దిగలేకపోయాయి. తిరిగి వచ్చాక ఆయన రాగి తొడుగు మధ్యలో అడ్డగోడ కట్టి, గోడకు ముందు కొంత సీసం, వెనుక కొంత సీసం నింపాడు. ముందు గది సీసం మామూలుగానే విచ్చుకుని చెదిరిపోతుంది. వెనుక గది తొడుగుతో సహా చెక్కుచెదరకుండా లోపలికి సాగిపోతుంది. పార్టిషన్ అనే పేరుతో 1948 నుంచి అమ్మకానికి వచ్చిన ఈ గుండు ఎక్కడ తగిలినా మూడింట రెండొంతుల బరువు నిలుపుకోవడం దాని ప్రత్యేకత. జర్మనీలో అంతకుముందే ఇలాంటి నడుము గోడ గుండు ఉన్నా, ఈ ఊహను సాధారణ వేటగాడి చేతికి చేర్చిన ఘనత మాత్రం నోస్లర్‌దే.

రెండో మార్గం సీసాన్ని తొడుగుకు అతికించడం. వేడితో, టంకంతో సీసానికీ రాగికీ మధ్య విడదీయరాని బంధం ఏర్పరిస్తే, గుండు ఎంత మడుచుకున్నా సీసం తొడుగును వదలదు, బరువు ఎనభై తొంభై శాతం నిలుస్తుంది. స్వీడన్‌కు చెందిన నార్మా కంపెనీ ఓరిక్స్, అమెరికాలోని స్విఫ్ట్ కంపెనీ ఎ-ఫ్రేమ్ ఈ తరహావి. ఎ-ఫ్రేమ్‌లో అతుకుతో పాటు నోస్లర్ తరహా అడ్డగోడ కూడా ఉంటుంది. మూడో మార్గం సీసాన్నే తీసేయడం. అమెరికాలో బార్న్స్ కంపెనీని నడిపిన రాండీ బ్రూక్స్ 1989లో పూర్తిగా రాగితో చేసిన ఎక్స్ గుండును తెచ్చాడు. దాని ముక్కు లోపల చిన్న గుంట ఉంటుంది; శరీరంలోని ద్రవం ఒత్తిడితో ఆ గుంటలోకి చొరబడి, ముక్కును నాలుగు రేకులుగా చీల్చి వెనక్కి వంచుతుంది. విడిపోవడానికి మరో లోహమేదీ లేదు కాబట్టి బయటికి తీసినప్పుడు తొంభై అయిదు శాతానికి పైగా బరువు మిగిలి ఉంటుంది. మొదట్లో ఈ గుండ్లు గొట్టంలో రాగి పేరుకునేలా చేస్తాయనే ఫిర్యాదు ఉండేది, తరువాత వాటి నడుం చుట్టూ గాడులు కోయడంతో అది చాలావరకు తగ్గింది. కొత్త గుండ్ల ముక్కున కనిపించే రంగు ప్లాస్టిక్ మొన గాలిలో అడ్డును తగ్గించి, తగిలిన క్షణాన వెనక్కి నెట్టుకుపోయి మేకులా ముక్కు విచ్చుకునేలా చేయడానికి ఉద్దేశించినది. అందరి చూపూ దాని మీదే పడుతుంది గానీ గుండు స్వభావాన్ని నిర్ణయించేది అది కాదు, దాని వెనుకనున్న తొడుగు మందం.

నిర్మాణం తరువాత చూడాల్సింది పొడవు. ఒకే వ్యాసంలో బరువు పెరిగితే గుండు పొడవు పెరుగుతుంది, పొడవైన గుండు వెనుక తోసే బరువు ఎక్కువ కాబట్టి లోతుకు దిగుతుంది. దీన్ని కొలిచే లెక్కను సెక్షనల్ డెన్సిటీ అంటారు: పౌండ్లలో బరువును అంగుళాలలో వ్యాసపు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య. 0.308 అంగుళం గుండు 150 గ్రెయిన్లయితే అది 0.226, 180 గ్రెయిన్లయితే 0.271. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపిన స్కాట్లాండ్ వేటగాడు డబ్ల్యు.డి.ఎం. బెల్ ఎక్కువగా వాడింది 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిలే. అందులోని 173 గ్రెయిన్ల నిండు తొడుగు గుండు సెక్షనల్ డెన్సిటీ 0.306. మొనదాకా తొడుగు ఉండటంతో అది విచ్చుకునేది కాదు, ఏనుగు పుర్రెను దాటి మెదడును చేరేది. చిన్న తూటా దేనికైనా చాలుననడానికి బెల్‌ను ఉదాహరణగా చూపేవారు ఆయన ఏనుగు తలలోని ఎముకల అమరికను ఎంత శ్రద్ధగా చదివాడో చెప్పడం మరిచిపోతుంటారు.

జింకల వేటకు వస్తే, ఉత్తర అమెరికాలోని తెల్లతోక జింకలో మగది అరవై నుంచి నూట ముప్పై కిలోల దాకా ఉంటుంది, చర్మం పలుచన, పక్కటెముకలు సన్నన. భుజం వెనుక, ఛాతీ నడిమి ఎత్తున తగిలిన గుండుకు ఎదురయ్యే అడ్డు చాలా తక్కువ కాబట్టి, ఇక్కడ గట్టి గుండు కంటే తేలికగా విచ్చుకునే గుండే నయం. .243 విన్‌చెస్టర్ తూటాలో 100 గ్రెయిన్లు, .270 విన్‌చెస్టర్‌లో 130 గ్రెయిన్లు, థర్టీ-ఆట్-సిక్స్‌లో 150 గ్రెయిన్లు గల సాదా సాఫ్ట్‌నోజ్ గుండ్లు దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నాయి. జింకకు ఏనుగు గుండు వేస్తే మరింత భద్రమనుకోవడం పొరపాటు. మరీ గట్టి గుండు పలుచని ఛాతీలో విచ్చుకునే అవకాశం దొరక్క బయటపడిపోతే, ఫలితం పాత నిండు తొడుగు గుండులాగానే ఉంటుంది. బ్రిటిష్ చట్టం జింక పరిమాణాన్ని బట్టే నిబంధన పెట్టింది. ఇంగ్లండులో మామూలు జింకలకు రైఫిల్ కాలిబర్ 0.240 అంగుళానికి, గొట్టం మూతి దగ్గర శక్తి 2,305 జౌళ్లకు తగ్గకూడదు. మంట్‌జాక్ వంటి పొట్టి జింకలకు అంతకంటే చిన్న తూటాలను అనుమతిస్తారు.

ఆఫ్రికా మైదానాలలో లెక్క మారుతుంది. వేటగాళ్లు ప్లెయిన్స్ గేమ్ అని పిలిచే మైదాన మృగాలంటే ఏనుగు, సింహం, చిరుత, అడవి దున్న, ఖడ్గమృగం వంటివి పోగా మిగిలిన గడ్డిమేసే జంతువుల సమూహం: నలభై కిలోల స్ప్రింగ్‌బాక్, అరవై కిలోల ఇంపాలా, అడవిపందిని పోలిన వార్ట్‌హాగ్, రెండు వందల కిలోలు దాటే జెమ్స్‌బాక్, మెలికల కొమ్ముల కుడూ, రెండు వందల యాభై కిలోల నీలి వైల్డ్‌బీస్ట్, మూడు వందల కిలోల జీబ్రా, చివరికి ఏడెనిమిది వందల కిలోల దాకా పెరిగే ఈలాండ్. అమెరికా జింక వేటగాడు ఒక కాలమంతా ఒకే రకం జంతువు కోసం కూర్చుంటాడు. నమీబియాలోనో దక్షిణాఫ్రికాలోనో నడిచే వేటగాడికి ఉదయం ఇంపాలా ఎదురుపడితే మధ్యాహ్నం ఈలాండ్ ఎదురుపడవచ్చు, చేతిలో ఉన్నది మాత్రం ఒకే రైఫిల్, ఒకే తూటా. గుండు గట్టిదనం వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే: కనిపించగల జంతువులలో పెద్దదాని కోసం గుండును ఎంచుకుని, చిన్నదాని విషయంలో కొంత అదనపు లోతును భరిస్తారు. థర్టీ-ఆట్-సిక్స్‌లో 180 గ్రెయిన్ల అతుకు గుండు గానీ, పార్టిషన్ గానీ, దానికంటే కాస్త తేలికైన రాగి గుండు గానీ ఇక్కడ ఎక్కువమంది చేతిలో కనిపించడం అందుకే.

రెండో కారణం శరీర నిర్మాణం. చాలా ఆఫ్రికా మృగాలలో గుండె, ఊపిరితిత్తులు ఛాతీలో ముందుకు, కిందికి, ముందుకాళ్ల మధ్యకు చేరి ఉంటాయి. జింక అలవాటుతో భుజం వెనుక నడిమి ఎత్తున గురిచూసేవారి గుండు ఊపిరితిత్తుల వెనుక అంచును మాత్రమే తాకి పొట్టలోకి పోతుంది. అందుకే అక్కడి మార్గదర్శకులు ముందుకాలి గీతనే పట్టుకుని ఛాతీలో కింది మూడో వంతు ఎత్తున కొట్టమంటారు. జింబాబ్వే పశువైద్యుడు కెవిన్ రాబర్ట్‌సన్ రాసిన ది పర్ఫెక్ట్ షాట్ అనే పుస్తకం ఈ అంతర్భాగాల పటాల కోసమే పేరు తెచ్చుకుంది. గురి ముందుకు జరిగినప్పుడు దారిలో భుజం ఎముక, దాన్ని కప్పిన కండరం వస్తాయి. అంటే గుండు ఎంపికను బరువులు మాత్రమే కాదు, కొట్టే చోటు కూడా శాసిస్తుంది.

నమీబియా ఈ తేడాలను చట్టంలోనే రాసుకుంది. స్ప్రింగ్‌బాక్ వంటి చిన్న మృగాలకు గొట్టం మూతి దగ్గర కనీసం 1,350 జౌళ్లు, కుడూ, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, ఈలాండ్ వంటివాటికి 2,700 జౌళ్లు, ఏనుగు, అడవి దున్నలకు 5,400 జౌళ్ల శక్తి ఉండాలి. 100 గ్రెయిన్ల గుండుతో .243 విన్‌చెస్టర్ ఇచ్చే శక్తి సుమారు 2,640 జౌళ్లు కాబట్టి, అమెరికాలో పిల్లల చేతికి మొదట ఇచ్చే ఆ జింకల తూటా అక్కడ కుడూ దాకా రాకుండా ఒక్క వెంట్రుకవాసిలో ఆగిపోతుంది. 180 గ్రెయిన్లతో థర్టీ-ఆట్-సిక్స్ శక్తి 3,900 జౌళ్లు దాటుతుంది. చట్టానికి ఏదో ఒక అంకె కావాలి గనుక శక్తిని పట్టుకున్నారు. నిజానికి అదే 3,900 జౌళ్లను పలుచని తొడుగు గుండు చర్మం కింద నాలుగు వేళ్ల లోతులోనే ఖర్చు చేసేయగలదు, గట్టి గుండు అర మీటరు పొడవునా పంచగలదు.

దక్షిణాది ఆఫ్రికా వేట క్షేత్రాలలో డబ్బు లెక్క కూడా దీనితో ముడిపడి ఉంది. అక్కడ ప్రతి జాతికీ ఒక ధర ఉంటుంది, నేల మీద రక్తపు చుక్క కనిపించిందంటే జంతువు దొరికినా దొరకకపోయినా ఆ ధర చెల్లించాల్సిందే. గాయపడి తప్పించుకున్న కుడూ వెంట ట్రాకరు, అంటే జాడ తీసే మనిషి, ఎర్ర మట్టిలో ఎండిన చుక్కలను, విరిగిన గడ్డిపోచను చూసుకుంటూ గంటల తరబడి నడుస్తాడు. గుండు అవతలి వైపు నుంచి బయటపడి ఉంటే కింది రంధ్రం నుంచి రక్తం ధారగా కారి అతని పని తేలికవుతుంది, లోపలే ఆగిపోతే చాలాసార్లు రక్తం ఛాతీలోనే నిండిపోయి నేల మీద ఆనవాలే ఉండదు. అలాగని బయటపడే గుండుతో చిక్కు లేకపోలేదు. ఇంపాలాలు, వైల్డ్‌బీస్ట్‌లు మందలో తిరుగుతాయి. ముందు నిలబడిన జంతువును దాటిన గుండు వెనుకదాన్ని గాయపరిస్తే ఆ రెండోదాని ధర కూడా వేటగాడి ఖాతాలోనే పడుతుంది. వెనుక మరో జంతువు లేనిదాకా మార్గదర్శకుడు కాల్చవద్దని పట్టుబట్టడానికి కారణం అది.

వేగం గురించిన అపోహలు మరీ ఎక్కువ. ప్రతి గుండుకూ తాను సరిగ్గా విచ్చుకోగల వేగపు హద్దులు రెండు ఉంటాయి. సాదా సాఫ్ట్‌నోజ్ గుండు సెకనుకు సుమారు 550 మీటర్ల కంటే, చాలా రాగి గుండ్లు సుమారు 600 మీటర్ల కంటే తక్కువ వేగంతో తగిలితే విచ్చుకోవడం సన్నగిల్లుతుంది. పై హద్దు దాటితే సాదా గుండు చర్మం దగ్గరే పగిలిపోతుంది. కాబట్టి మందు ఎక్కువ పట్టే మాగ్నమ్ తూటాతో ముప్పై మీటర్ల దూరాన ఎదురైన జంతువు, అదే తూటాతో మూడు వందల మీటర్ల దూరాన ఎదురైన జంతువు గుండుకు రెండు వేరు వేరు పరీక్షలు పెడతాయి. దట్టమైన పొదల మధ్య వంద మీటర్ల లోపే కాల్చే చోట అతివేగం ఉపయోగపడకపోగా మాంసాన్ని చెడగొడుతుంది. బిల్టాంగ్ అనే ఎండుమాంసం కోసం వేటాడే దక్షిణాఫ్రికా కుటుంబాలలో చాలామంది ఒక మోస్తరు వేగంతో వెళ్లే బరువైన గుండునే కోరుకుంటారు, గాయం చుట్టూ నెత్తురు గడ్డకట్టి పారేయాల్సిన మాంసం అప్పుడు తగ్గుతుంది.

గత ఇరవయ్యేళ్లలో ఎంపికను మార్చిన అంశం వేటగాడి తుపాకీకి సంబంధించినది కాదు. సీసం గుండు చెదిరినప్పుడు కంటికి కనిపించనంత చిన్న తునకలు గాయానికి చాలా దూరం దాకా వ్యాపిస్తాయని జింక కళేబరాల ఎక్స్‌రేలు చూపించాయి. వేటగాళ్లు వదిలివెళ్లిన పేగులను తినే కాలిఫోర్నియా కాండర్ అనే భారీ రాబందుల చావులకు ఆ సీసమే ప్రధాన కారణంగా తేలింది. 1987 నాటికి ఇరవై ఏడు పక్షులే మిగిలి, వాటన్నిటినీ పట్టి బోనులలో పెంచి మళ్లీ అడవికి వదిలిన జాతి అది. కళేబరం ద్వారా రాబందుకు చేరే విషం భారతదేశానికి కొత్త కాదు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు ఇక్కడి రాబందులను తుడిచిపెట్టాక 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది, 2024లో డెన్మార్క్ రైఫిల్ గుండ్లకు కూడా అదే నియమం పెట్టింది. రాగి సాంద్రత సీసం కంటే తక్కువ కాబట్టి అదే బరువున్న రాగి గుండు పొడవుగా ఉంటుంది, పొడవైన గుండు గాలిలో తొణకకుండా వెళ్లాలంటే గొట్టంలోని గాడులు మరింత బిగుతుగా మెలితిరిగి ఉండాలి. అందువల్ల రాగికి మారేవారు బరువును ఒక మెట్టు తగ్గించుకుంటారు: 180 గ్రెయిన్ల సీసం బదులు 165 లేదా 168 గ్రెయిన్ల రాగి. చెదరని గుండు కాబట్టి ఆ తగ్గింపు వల్ల లోతు తగ్గదు.

ఇన్ని లెక్కల తరువాత కూడా పెట్టె మీద రాసిన గుణగణాలను చూసి నేరుగా అడవికి వెళ్లడం కుదరదు. ఒకే కంపెనీ, ఒకే నమూనా రైఫిళ్లు రెండింటిలో ఒకటి ఒక గుండును ఇష్టపడితే రెండోది దాన్ని వెదజల్లడం మామూలు. వంద మీటర్ల దూరాన కాగితపు లక్ష్యం మీద మూడేసి తూటాలు కాల్చి, రంధ్రాలు రెండంగుళాల లోపు ఒకచోట పడుతున్నాయో లేదో చూసుకోవాలి, గుండు బరువు మారిన ప్రతిసారీ టెలిస్కోపును మళ్లీ సరిదిద్దుకోవాలి. ఆఫ్రికా వేట శిబిరాలలో మొదటి రోజు మొదటి పని ఇదే కావడానికి కారణం విమానంలో కుదుపుకు చెదిరిన టెలిస్కోపు మాత్రమే కాదు. వచ్చినవాడి చేతి నిలకడ ఎంతో మార్గదర్శకుడు అక్కడే, అడగకుండానే తెలుసుకుంటాడు.

తెలుగు రాష్ట్రాలలో జింకల వేటకు చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకనూ చుక్కల దుప్పినీ కాపాడుతోంది. మొదటిది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, రెండోది తెలంగాణ రాష్ట్ర జంతువు. అయితే వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన టెక్సస్‌లో ఈ రెండూ 1930ల నుంచి, నీల్‌గాయి 1920ల నుంచి పెద్ద పెద్ద పశుక్షేత్రాలలో వదలబడి, కంచెలు దాటి అడవిలో స్వేచ్ఛగా పెరిగాయి. పరాయి జాతులు కాబట్టి వాటికి నిషేధ కాలమంటూ ఏదీ లేదు, లైసెన్సు, భూయజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. గుండు ఎంపికలో అక్కడివారు ఈ మూడింటినీ ఒక గాటన కట్టరు. నలభై కిలోల కృష్ణజింకకు, డెబ్బై నుంచి వంద కిలోల చుక్కల దుప్పి పోతుకు తెల్లతోక జింక కోసం కొన్న 130, 150 గ్రెయిన్ల సాఫ్ట్‌నోజ్ సరిపోతుంది. నీల్‌గాయి పోతు రెండు వందల కిలోలు దాటుతుంది, భుజం మీద చర్మం దళసరి, ఎముక బరువు, బంధుత్వం చూస్తే జింకల కంటే ఆఫ్రికా ఈలాండ్, కుడూలకే దగ్గర. మెత్తని గుండు తగిలిన నీల్‌గాయి ముళ్లపొదల్లోకి వెళ్లిపోయి దొరక్కుండాపోవడం దక్షిణ టెక్సస్‌లో తరచూ వినిపించే మాట, అందుకే అక్కడి మార్గదర్శకులు నీల్‌గాయి కోసం వచ్చేవారిని కుడూ వేటకు బయల్దేరినట్లే 180 గ్రెయిన్ల అతుకు గుండో, దానికి సమానమైన రాగి గుండో తెచ్చుకోమని ముందే చెబుతారు.